పొల్లు మీట

చినుకును పనిలోంచి తీసేసిన పదో రోజున ఆమె వాడిన ల్యాప్‌టాప్ ఎర్రసిరా ఇంటికి వచ్చింది.

ఇవి ఇద్దరి అసలు పేర్లూ కావు, ఆఫీసు పెట్టిన పేర్లు. పాత దస్తావేజులను కంప్యూటర్లోకి ఎక్కించే ఆఫీసు అది. గొలుసుకట్టు రాతలో ఉన్న కాగితాలను పన్నెండుమంది కూర్చుని టైపు చేస్తారు. వాళ్ల తప్పులు పట్టడానికి ఒక్క మనిషి ఉంటుంది. పట్టిన ప్రతి తప్పు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్న చుడుతుంది కాబట్టి ఆవిడ ఎర్రసిరా అయింది. ఇక రెండో ఆవిడ టైపు చేస్తుంటే రేకుల కప్పు మీద సన్నటి తుంపర పడుతున్నట్టు వినిపించేది. అందుకని చినుకు.

చినుకు వెళ్లిపోయాక అరవై పేజీలు మిగిలిపోయాయి. కొత్త మనిషి దొరికేదాకా వాటిని ఇంటి దగ్గర కూర్చుని నువ్వే కొట్టిపెట్టమ్మా అంటూ మేనేజరు ల్యాప్‌టాప్ సంచీని ఎర్రసిరా బల్ల మీద పెట్టాడు. తప్పులు పట్టే మనిషే టైపు చేస్తే ఇక తప్పు ఎక్కణ్ణుంచి వస్తుందని నవ్వాడు కూడా. ఆమె నవ్వలేదు గానీ ఆ మాట చెవికి బాగానే ఉంది. సంచీ భుజానికి తగిలించుకుని బస్సులో నిలబడే ఇంటికి వచ్చింది.

ముందుగదిలో కిటికీ పక్కన బల్ల. బల్లకు అవతల పడక్కుర్చీలో మామగారు. ముప్ఫై అయిదేళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక దుకాణం మూసేశాడు. పనిముట్లు మాత్రం బిస్కట్ల డబ్బాలో పెట్టుకుని పడక్కుర్చీ కింద దాచుకున్నాడు. కొడుకు లారీ మీద వెళితే నాలుగైదు రోజులకు గానీ రాడు. ఇంట్లో ఉండేది ఈ ఇద్దరే. మాటలు తక్కువ గానీ ఒకరికొకరు అడ్డం లేరు.

మర్నాడు వంట ముగించుకుని ఎర్రసిరా మొదటి పేజీ ముందు కూర్చుంది. టైపు నేర్చుకున్నదే గానీ చినుకులా పరుగు లేదు. అక్షరం చూసుకుంటూ, మీట వెతుక్కుంటూ పేజీ పూర్తిచేసి, అలవాటు కొద్దీ మళ్లీ మొదటినుంచి చదివింది. ఆరో వరసలో 'తూరపు హదదు' అని ఉంది. ఇంకా కిందికి పోతే 'ఇదదరు అననదమములు'.

కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. అన్నకు గానీ తమ్ముడికి గానీ ఒక్క ఒత్తూ లేదు.

ఒత్తు పడాలంటే రెండు అక్షరాల నడుమ పొల్లు మీట నొక్కాలి. మ, పొల్లు, మ. అప్పుడే అమ్మ అవుతుంది. నడుమ పొల్లు పడలేదా, అమ్మ కాస్తా అమమ అయి కూర్చుంటుంది. ఇది ఎర్రసిరాకు కొత్త సంగతి కాదు. ఆరునెలలుగా చినుకు పేజీల్లో ఆమె సున్నలు చుట్టిందంతా వీటికే. చుట్టి చుట్టి విసుగొచ్చి, చివరకు పేజీ అంచున 'శ్ర. లే.' అని రెండు పొడి అక్షరాలు రాసేది. శ్రద్ధ లేదు అని దాని అర్థం.

చాలాకాలానికి టైపుకు కూర్చుంది కదా, వేలు తడబడి ఉంటుందనుకుంది. తప్పులు దిద్దుకుని రెండో పేజీ ఒక్కొక్క మీటనూ పట్టి పట్టి నొక్కుతూ కొట్టింది. ఒక్క తప్పూ లేదు. ప్రాణం కుదుటపడింది. మూడో పేజీకి వేళ్లు కాస్త వేడెక్కి దారిలో పడ్డాయి. చూపును కాగితం మీదే ఉంచి గబగబా లాగించేసింది. చదివి చూసుకుంటే పద్నాలుగు ఒత్తులు లేవు.

పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్న మామగారు అప్పుడు మాట్లాడాడు. "అమ్మాయ్, అందులో ఒక మీట మోత తేడాగా ఉంది."

నిద్రపోతున్నాడనుకున్న మనిషి అంతసేపూ విన్నాడన్నమాట. మిగతావన్నీ టక్కుమంటున్నాయనీ, అదొక్కటే మెత్తగా మూలుగుతోందనీ అన్నాడు. లేచి వచ్చి పక్కన నిలబడి ఆ మీటను గట్టిగా నొక్కమన్నాడు. పొల్లు పడింది. మళ్లీ నొక్కమన్నాడు. పడింది. ఇప్పుడు మామూలుగా, పనిలో ఉన్నప్పుడు నొక్కినట్టు నొక్కమన్నాడు. పడలేదు.

"నొక్కి చూస్తే దొరికే జబ్బు కాదిది. వాడితేనే దొరుకుతుంది" అన్నాడాయన. "రేడియోల్లోనూ ఇలాంటివి ఉండేవి. గిరాకీ తెచ్చి దుకాణంలో పెడితే చక్కగా పాడతాయి. ఇంటికి పట్టుకుపోతే మూగనోము."

ఆఫీసు వస్తువు, విప్పితే ఏమంటారోనని ఆమె సందేహించింది. అడుగున విప్పకూడదని చీటీ కూడా అతికించి ఉంది. అడుగు జోలికి పోనక్కర్లేదనీ, మీట పైనుంచే ఊడుతుందనీ ఆయన ధైర్యం చెప్పాడు. తన చేతులు చూసుకుని, "నేను చెబుతాను, నువ్వు చెయ్యి" అన్నాడు.

సాయంత్రం దాటితే కిటికీలో వెలుతురు చాలదని ఆ పని మర్నాటికి పెట్టుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఎండ సరిగ్గా బల్ల మీద పడే వేళకు ఇద్దరూ కూర్చున్నారు. ఫోనులో మీట ఊడదీసే వీడియో ఒకటి దొరికితే ఎర్రసిరా రెండుసార్లు చూసింది. మామగారు ఒక్కసారి చూసి చాలన్నాడు. ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జరు తీగ పీకేసి, బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచారు. ఏదైనా కిందపడితే కనబడటానికి. పాత ప్లాస్టిక్ కార్డు అంచును బ్లేడుతో పలచగా చెక్కి ఇచ్చాడాయన. దాన్ని మీట పైమూలలోకి దూర్చి మెల్లగా పైకి లేపమన్నాడు. బలం పెట్టొద్దు, ఊడతానని అదే చెబుతుంది అన్నాడు. ఆమె ఊపిరి బిగబట్టి లేపింది. చిటుక్కుమంటూ మీట చేతిలోకి వచ్చింది.

కింద కత్తెరలా పెనవేసుకున్న రెండు తెల్లటి ప్లాస్టిక్ చట్రాలు, వాటి నడుమ శెనగగింజంత రబ్బరు బుడిపె ఉన్నాయి. బుడిపె నెత్తిన ఏదో పసుపుపచ్చగా ఉంది. దుమ్మనుకుని ఎర్రసిరా పట్టకారుతో తీసింది. దుమ్ము కాదు, కాగితం. ఎనిమిది మడతలు పడి నలిగి రేకులా అణిగిపోయి ఉంది.

గుడ్డ మీద పెట్టి సూదిమొనతో ఒక్కొక్క మడతే విప్పింది. బొటనవేలి గోరంత ముక్క. దాని మీద ఎర్రటి గీత, గీత పక్కన 'శ్ర', తర్వాత చుక్క. మిగతాది కత్తిరింపులో పోయింది.

అది తన చేతిరాతే. మామగారికి ఆ కాగితం మీద ఏముందో పట్టలేదు. ఆయన చూపంతా బుడిపె మీదే ఉంది. భూతద్దం పెట్టి వంగి చూశాడు.

"బుడిపె చిట్లింది. ఇది నిన్నా మొన్నా అయింది కాదమ్మాయ్, చిట్లిన అంచులు నల్లబడ్డాయి చూడు. దీన్ని వాడిన మనిషెవరో కాగితం మడతపెట్టి ఎత్తు పెంచుకున్నారు. తెలివైనవాళ్లే. కానీ కాగితం ఎన్నాళ్లు ఆగుతుంది? అణిగిపోయాక మళ్లీ మొదటికే." కాస్త ఆగి, "ఎవరు వాడేవాళ్లు?" అన్నాడు.

"ఒకావిడ."

"ఆవిడనే అడిగితే పోయేదిగా, ఎప్పట్నుంచి ఉందో."

"తీసేశారు మావయ్యా."

"ఎందుకు?"

ఎర్రసిరా పట్టకారు గుడ్డ మీద పెట్టింది. "ఒత్తులు పడటం లేదని."

మామగారు భూతద్దం దించాడు. డబ్బాలో దూది పుల్లల కోసం వెతుకుతూ అవసరమైన దానికంటే ఎక్కువసేపు తల వంచుకుని ఉన్నాడు.

చినుకు చెప్పకపోలేదు. అయిదు నెలల కిందట ఒకరోజు ఎర్రసిరా బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, పొల్లు కీ ఒక్కోసారి పడటం లేదు మేడమ్ అంది. కంప్యూటర్లు చూసే ఆయన్ని పిలిచారు. ఆయన చూపుడువేలితో పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ పడింది. బాగానే ఉందని కాగితం మీద రాసి సంతకం పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడు ఎర్రసిరా చేతిలో పేజీ నుంచి తల ఎత్తకుండానే, "ఆడలేక మద్దెల ఓడందట" అంది. హాలంతా గొల్లుమంది. ఎవరూ దాన్ని తిట్టనుకోలేదు. ఎర్రసిరా కూడా అనుకోలేదు. సమయానికి నోటికొచ్చిన సామెత, అంతే. చినుకు తన కుర్చీకి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత ఆ కీ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఎర్రసిరా చుట్టిన సున్నలన్నీ కలిపి ఒక ఫైలయ్యాక మేనేజరు ఆమెను లోపలికి పిలిచి రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

మద్దెల నిజంగానే ఓటిది. ఆట మాత్రం చినుకుకు ఎప్పుడూ రాకుండా పోలేదు.

మామగారు చెబుతూ పోయాడు, ఆమె చేస్తూ పోయింది. స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో బుడిపె చుట్టూ పట్టిన జిడ్డు తుడిచింది. చిట్లిన బుడిపెను గోటితో లేపి తీసింది. ఎవరూ వాడని మూల మీట ఒకటి ఊడదీసి, దాని కింది బుడిపెను ఇక్కడికి మార్చి, సూదిమొనతో జిగురు చుక్కపెట్టి నిలబెట్టింది. గంటసేపు ఆరనిచ్చారు. తర్వాత చట్రాలు అమర్చి మీటను పైన పెట్టి వేలితో అదిమితే టక్కుమని కూర్చుంది.

ల్యాప్‌టాప్ తెరిచి అమ్మ అని కొట్టింది. తాకీ తాకనట్టు తాకినా అమ్మే వచ్చింది. నాలుగో పేజీ పరుగున కొట్టి చదివి చూసుకుంది. ఒక్క ఒత్తూ పోలేదు.

చిట్లిన బుడిపెను ఆమె చెత్తలో వేయబోతుంటే మామగారు ఆపాడు. ఖాళీ మాత్రల డబ్బాలో వేసి చేతికిచ్చాడు. పాత ముక్క కళ్లతో చూపించకపోతే ఏ గిరాకీ నమ్మడని, దుకాణంలో తాను ఎన్నడూ పాత ముక్క పారేయలేదని అన్నాడు. కాగితం ముక్కను కూడా ఆమె అందులోనే వేసింది.

గురువారం ఉదయం ఎర్రసిరా మేనేజరు గదికి వెళ్లింది. జరిగినదంతా నిలబడే చెప్పింది. మేనేజరు విని కంప్యూటర్లు చూసే ఆయన్ని పిలిపించాడు. ఆయన ల్యాప్‌టాప్ తెరిచి చూపుడువేలితో పదిసార్లు నొక్కాడు. పదిసార్లూ పడింది.

"అప్పుడూ ఇదే చెప్పాను కదా మేడమ్. బాగానే ఉంది."

తానే బాగుచేశానంది ఆమె. మేనేజరు ఇంకా మంచిదన్నాడు. అడక్కుండా ముట్టుకున్నందుకు తానేమీ అనుకోవడం లేదన్నాడు. మీట బాగైంది, పేజీలు నడుస్తున్నాయి, అయిపోయిన పెళ్లికి ఇప్పుడు బాజాలెందుకని కుర్చీ వెనక్కి వాలాడు.

ఎర్రసిరాకు అప్పుడు గానీ తెలిసిరాలేదు. చినుకు మాటకు లోకంలో ఉన్న సాక్ష్యం ఆ చెడిపోయిన మీట ఒక్కటే. దాన్ని తన చేతులతోనే నయం చేసి పట్టుకొచ్చింది.

ఆమె సంచీలోంచి చెక్కిన కార్డు తీసింది. మేనేజరు చూస్తూండగానే మీట ఊడదీసి, అతికించిన బుడిపెను గోటితో లేపి పక్కన పెట్టి, మాత్రల డబ్బాలోంచి చిట్లిన బుడిపె తీసి దాని చోట నిలబెట్టింది. మీట మూత బిగించి ల్యాప్‌టాప్‌ను కంప్యూటర్ల ఆయన వైపు తిప్పింది. ఆయన మళ్లీ చూపుడువేలు చాపాడు.

"అలా కాదండీ" అంది ఆమె. "అలా నొక్కితే మీరు దాన్ని పరీక్ష చేస్తున్నారు. పని చేయండి. ఇదిగో పేజీ. తెర వైపు చూడకండి, పేజీ చూస్తూ మామూలుగా కొట్టండి."

ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కానీమన్నట్టు తలాడించాడు. ఆరు వరసలు కొట్టాక ముగ్గురూ తెర మీదికి వంగారు. 'వికరయ పతరం' అని మొదలైంది. ఆరు వరసల్లో పదకొండు ఒత్తులు లేవు.  తానే తడబడ్డానేమోనని కంప్యూటర్ల ఆయన మరో మూడు వరసలు కొట్టాడు. ఇంకో నాలుగు పోయాయి. తర్వాత ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

మేనేజరు చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు. ఫైలు పై ఆఫీసుకు వెళ్లిపోయిందనీ, ఇప్పుడు దాన్ని వెనక్కి రప్పించడం తనవల్ల కాదనీ అన్నాడు. కావాలంటే ఒక కాగితం రాసుకొమ్మన్నాడు. ఎర్రసిరా అక్కడే కూర్చుని రాసింది. తప్పులు యంత్రానివని, మనిషివి కావని, ఫలానా ఆరునెలల పేజీల అంచున తాను రాసిన మాటను వెనక్కి తీసుకుంటున్నానని. కింద తన సంతకం పెట్టి, మేనేజరు సంతకం పెట్టి స్టాంపు వేసేదాకా కదలకుండా నిలబడింది.

ఆ సాయంత్రమే చిరునామా పట్టుకుని చినుకు ఇంటికి వెళ్లింది. ఇరుకు మెట్లెక్కితే పైన ఒంటిగది వాటా. తలుపు తీసే ఉంది. చినుకు నేల మీద చొక్కాల గుట్ట ముందు కూర్చుని గుండీలు కుడుతోంది. కుట్టుపని దుకాణం వాళ్లిచ్చినవి. కుడి మణికట్టుకు పట్టీ చుట్టి ఉంది. గుమ్మంలో మనిషిని చూసి లేవలేదు. కూర్చోమని కళ్లతోనే కుర్చీ చూపించింది.

ఎర్రసిరా కుర్చీలో కాకుండా నేలమీదే కూర్చుంది. దారిలో కూడగట్టుకున్న మాటలన్నీ అస్తవ్యస్తంగా బయటికి వచ్చాయి. బుడిపె, కాగితం ముక్క, మేనేజరు గది. చినుకు దారం పళ్లతో తెంపుతూ విన్నది. ఉత్తరం చేతికిస్తే సూది చొక్కాకు గుచ్చిపెట్టి రెండుసార్లు చదివింది.

చెయ్యికేమైందని ఎర్రసిరా అడిగింది. గట్టిగా కొట్టి కొట్టి నరం వాచిందని చినుకు చెప్పింది. కాగితం అణిగిపోయాక అదొక్కటే దారి కనిపించిందట. కానీ రోజుకు నలభై పేజీలు ఎంతకని గట్టిగా కొడతారు.

"నాకే అనుమానం వచ్చింది మేడమ్" అంది చినుకు. "మీరంతా అంటుంటే, వేళ్లు నిజంగానే పని మర్చిపోయాయేమో అనుకున్నాను. ఇంటికొచ్చి ఈ నేలమీద ఊరికే కొట్టి చూసుకునేదాన్ని. నేలమీద కొడితే తప్పులు కనపడవు కదా."

తనది తప్పేనని ఎర్రసిరా అంది. 

చినుకు ఉత్తరం మడిచి పక్కన పెట్టుకుంది. "ఇది పనికొస్తుంది. ఇంకో ఆఫీసులో అడిగాను, ఎందుకు తీసేశారని అడుగుతున్నారు. చూపిస్తాను." సూది మళ్లీ చేతిలోకి తీసుకుంది. "కానీ మేడమ్, ఆ మద్దెల మాట మీరు కాగితం మీద అనలేదు. హాల్లో అన్నారు. అందరి ముందూ."

"అవును."

"ఇది మాత్రం మా ఇంటికొచ్చి నా ఒక్కదానికే చెబుతున్నారు."

ఆ మాట అని ఆమె ఇంకో చొక్కా ఒళ్లోకి లాక్కుంది. కోపంగా అనలేదు. గుండీ ఎక్కడ ఊడిందో చెప్పినట్టు చెప్పింది. ఎర్రసిరా ఇంకాసేపు కూర్చుని, లేచి మెట్లు దిగి వెళ్లిపోయింది. తర్వాత మేనేజరు కబురు పంపినా చినుకు ఆ ఆఫీసు గడప మళ్లీ తొక్కలేదు. ఆ ఉత్తరం చూపించి పైనెలలో ఇంకో చోట చేరింది.

శుక్రవారం ఉదయం అందరూ వచ్చి పని మొదలుపెట్టాక ఎర్రసిరా తన బల్ల దగ్గర లేచి నిలబడింది. హాల్లో ఆమె గొంతు పైకి వినబడటం అరుదు. ఒకరిద్దరు తలెత్తారు. ఆమె ఆగింది. ఒక్కొక్క కీబోర్డే ఆగి, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం అయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. చినుకు పొల్లు కీ చెడిపోయిందనీ, ఆ సంగతి చినుకు తనకు చెప్పిందనీ, తాను వినకపోగా ఎగతాళి చేశానని. "అప్పుడు నేనొక సామెత అన్నాను. మీరంతా విన్నారు. ఆ మద్దెల నిజంగానే ఓటిది. నేను విప్పి చూశాను. ఆవిడ పనిలో తప్పు లేదు" అంది.

ఎవరూ నవ్వలేదు.  ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఇక కూర్చుందామని ఎర్రసిరా కుర్చీ లాక్కోబోతుంటే వెనక మూలనుంచి ఒక గొంతు వచ్చింది. అక్కడ కూర్చునేది అందరికంటే పాత టైపిస్టు, రెండేళ్లలో రిటైరవబోతున్న మనిషి.

"మేడమ్, నాది స్పేస్ బార్. ఎడమ పక్క నొక్కితే పడదు. నాలుగు నెలలైంది."

ఆవిడ పేజీల్లో మాటలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. ఎర్రసిరా నాలుగు నెలలుగా వాటికీ సున్నలు చుడుతూనే ఉంది. వయసు మీద పడిందనుకుంది.

ఎందుకు చెప్పలేదని అడిగింది. అడిగిన మరుక్షణమే ఎందుకో ఆమెకే అర్థమైంది. ఆ పెద్దావిడ కళ్లజోడు తీసి పైటతో తుడుచుకుంది.

"నాది కుడివైపు షిఫ్టు" అన్నాడు కిటికీ పక్కాయన. గోడ పక్కనున్నావిడ, తనవి రెండు మీటలని వేళ్లు చూపించింది. ఇంకొకాయన లేచి నిలబడి మళ్లీ కూర్చున్నాడు. కూర్చున్నాక, నాదీ ఒకటి ఉంది మేడమ్ అన్నాడు నెమ్మదిగా.

కంప్యూటర్లు చూసే ఆయన అప్పటికే గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. ఎర్రసిరా తన కుర్చీ పట్టుకుని వెనక మూలకు ఈడ్చుకెళ్లింది. ఆయన కూడా వెనకే వచ్చి అలవాటుగా స్పేస్ బార్ మీదికి వేలు చాపబోతే, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. పెద్దావిడ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"మీరు రోజూ కొట్టేలాగే కొట్టండమ్మా" అంది. "నేనున్నానని గట్టిగా నొక్కొద్దు."

పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని, పేజీ సర్దుకుని, చేతులు మీటల మీదికి తెచ్చింది. ఎర్రసిరా తెర వైపు చూడకుండా ముందుకు వంగి వినసాగింది.